ఇంట్లో బ్లాస్టింగ్ క్యాబినెట్ చేస్తున్నారా? ఇసుక మాత్రం పోయకండి

గన్‌తో గాలి ఒత్తిడి మీద గరుకు రేణువులు చిమ్మి ఇనుము తుప్పు వదిలించడమే సాండ్ బ్లాస్టింగ్. ఆ పని చేసే మూసిన పెట్టే బ్లాస్టింగ్ క్యాబినెట్. మొన్న మా వైపు ఒక కుర్రాడు దాని కోసమని పాత ఇనుము కొట్టులో 200 లీటర్ల డ్రమ్ము కొని, గ్రైండర్‌తో కోయబోయాడు. లోపల థిన్నర్ ఆవిరి మిగిలి ఉంది. మూత ఎగిరొచ్చి దవడకు తగిలింది. అదృష్టం కొద్దీ బతికాడు. అప్పటి నుంచి అందరూ డ్రమ్ము గురించే అడుగుతున్నారు. దాని సంగతి కింద చెప్తాను. దానికంటే ముందు, మనుషుల్ని మంచాన పడేయగా నేను కళ్లారా చూసిన తప్పు ఒకటుంది. గన్‌లో ఇసుక వాడటం.

పేరులోనే సాండ్ ఉంది కదా అని, ఇల్లు కట్టగా మిగిలిన గోదావరి ఇసుక జల్లించి, ఎండబెట్టి వాడేస్తారు. ఖర్చు లేదు, తుప్పు కూడా చక్కగా వదులుతుంది. కానీ ఏటి ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్, అంటే సిలికా. 80, 100 పీఎస్ఐ ఒత్తిడి ఉన్న గాలితో వెళ్లి ఇనుముకు తగిలిన రేణువు పిండైపోతుంది. కంటికి కనిపించే దుమ్ము ముక్కులోనో గొంతులోనో ఆగుతుంది. కనిపించనిది ఊపిరితిత్తుల అడుగుకు చేరి మచ్చలు కట్టిస్తుంది. అదే సిలికోసిస్. నయం చేసే మందు లేదు.

మాతో పనిచేసిన ఒక వెల్డర్ తమ్ముడు మూతికి తడి తువ్వాలు కట్టుకుని 4 ఏళ్లు ఇసుకతోనే కొట్టాడు. దగ్గు మొదలైతే టీబీ అనుకుని 6 నెలలు మందులు మింగించారు. ఇప్పుడు వాడికి 34 ఏళ్లు. నాలుగు మెట్లు ఎక్కితే గోడ పట్టుకుని నిలబడిపోతాడు.

తుర్కియే (టర్కీ)లో జీన్స్ ప్యాంట్లు వెలిసినట్టు కనిపించాలని ఇసుక కొట్టిన కుర్రాళ్లకు ఇదే జబ్బు వస్తే, 2009లో అక్కడ ఆ పనినే నిషేధించారు. మన కార్మిక చట్టం కూడా సిలికోసిస్ వస్తే ప్రభుత్వానికి తెలియజేయాలంటుంది. ఇంటి షెడ్డుకు ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. మన జాగ్రత్త మనదే.

"క్యాబినెట్ మూసే ఉంటుంది కదన్నా" అంటారు. పాత రేకులతో చేసిన పెట్టె ఎక్కడో ఒక చోట లీకవుతుంది. రాత్రిపూట లోపల బల్బు వేసి, తలుపు మూసి, గదిలో లైటు తీసేయండి. వెలుతురు ఎక్కడ కనిపిస్తే దుమ్ము అక్కడి నుంచి వస్తుంది. ఆ సందులన్నీ మూసి, ఎగ్జాస్ట్ (దుమ్ము లాగే ఫ్యాన్) ఆన్ చేసి, గాలి లోపలికొచ్చే కంత దగ్గర అగరుబత్తి పెట్టండి. పొగ లోపలికి పోవాలి. బయటికొస్తే ఎగ్జాస్ట్ చాలదు.

ఇసుకకు బదులు బ్లాస్టింగ్ కోసమే అమ్మే రేణువులు, గార్నెట్ గానీ బ్రౌన్ అల్యూమినా గానీ కొనండి. కింద రాలింది జల్లించి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు కాబట్టి ఒక బస్తా చాలా రోజులొస్తుంది. కడిగిన ఇసుకైనా, సముద్రపు ఇసుకైనా, గ్రానైట్ కొట్టి చేసిన ఎం-శాండ్ అయినా వద్దు. ఒక్కసారికి కూడా వద్దు.

ఇక మిగతావి.

మూత బిగించిన డ్రమ్ము, ఆయిల్ ట్యాంకు కొనకండి. నిండు డ్రమ్ము కంటే ఖాళీ డ్రమ్మే ప్రమాదం. అందులో ఆవిరి, గాలి కలిసి ఉంటాయి, ఒక్క నిప్పురవ్వ చాలు. పాత బీరువా, కరెంటు ప్యానెల్ బాక్సు నయం.

పాత ఫ్రిజ్ డొల్లకు వెల్డింగ్ పెట్టకండి. లోపలి ఫోమ్ కాలితే విషవాయువు వస్తుంది.

జింకు పూత రేకైతే అతుకు దగ్గర పూత తీసేసి, ఆరుబయటే వెల్డింగ్ చేయండి.

గ్యాస్ సిలిండర్‌ను ఎయిర్ ట్యాంకు చేయకండి.

గాలి లైనుకు పీవీసీ పైపు వేయకండి. పగిలితే ముక్కలు ఒళ్లంతా దిగుతాయి.

పెట్టె లోపలికి చూసే కిటికీకి మామూలు అద్దం వద్దు. కారు ముందు అద్దంలా మధ్యలో పొర ఉన్నదే పెట్టండి.

గన్‌కు, పెట్టెకు ఎర్త్ ఇవ్వండి.

తలుపు తెరిచి ఒక్క క్షణం కూడా గన్ నొక్కకండి. నాజిల్ ముందు చెయ్యి పెట్టకండి, గ్లవ్స్ ఉన్నా సరే.

పని ఆపాక 5 నిమిషాలు ఎగ్జాస్ట్ నడిచాకే తలుపు తీయండి.

గార్నెట్ వాడినా ఫిల్టర్లున్న రెస్పిరేటర్ పెట్టుకోండి. తువ్వాలు మాస్కు కాదు.

పాత గేట్ల మీది సిందూరం రంగు ప్రైమర్‌లో సీసం ఉండొచ్చు. దాన్ని బ్లాస్ట్ చేయకండి.

చీపురుతో ఊడ్వకండి, తడిగుడ్డతో తుడవండి. ఆ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోకండి.

ఇప్పటికే ఇసుకతో కొట్టి ఉంటే ఈరోజే ఆపండి. దగ్గో ఆయాసమో ఉంటే డాక్టరు దగ్గర మొట్టమొదట చెప్పాల్సింది జ్వరం సంగతి కాదు, "ఇన్నేళ్లు ఇసుక బ్లాస్టింగ్ చేశాను" అని. వాళ్లు అడగకపోయినా చెప్పండి. ఆ వెల్డర్ తమ్ముణ్ని ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు.