చక్రాలు ముడిచిన క్షణంలో అదుపు తప్పే ఫోమ్ యుద్ధ విమానం: లక్షణం, కారణం, పరిష్కారం

రెక్క కొస నుంచి కొసకు 1400 మొదలు 1700 మిల్లీమీటర్ల వరకు ఉండి, 6ఎస్ లైపో (ఆరు సెల్‌ల లిథియం పాలిమర్) బ్యాటరీతో ఎగురుతూ, ముడుచుకునే చక్రాలు, ఫ్లాప్‌లు (రెక్క వెనుక అంచున కిందికి దిగే పలకలు) ఉన్న, రేడియోతో నడిపే ఫోమ్ యుద్ధ విమాన నమూనాలను ఇప్పటికే ఎగరవేస్తున్నవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. మస్టాంగ్, స్పిట్‌ఫైర్, కోర్సేర్, థండర్‌బోల్ట్ నమూనాలన్నీ ఈ కోవలోకే వస్తాయి. ట్రిమ్ ఎలా సరిచేయాలో, లైపోను ఎలా ఛార్జ్ చేయాలో ఇక్కడ చెప్పబోవడం లేదు. కొత్తగా కొన్నదైనా, విశాఖపట్నం నుంచో కలకత్తా నుంచో చేతులు మారి బరంపురం చేరినదైనా, ఒక విమానాన్ని నమ్మవచ్చో లేదో తేల్చుకునేటప్పుడు బయటపడే లోపాలను, వాటి మూలాలను మాత్రమే చర్చిస్తాను. వీటిలో ఒక లోపానికి ఎక్కువ చోటు కేటాయిస్తున్నాను, ఎందుకంటే ముక్కలైన విమానాలను మరమ్మతుకు తెచ్చేవారిలో చాలామంది దాన్ని రేడియో లోపంగానే చెబుతారు.

లక్షణం: నేల మీద పరుగులోనే విమానం ఎడమకు లాగుతుంది

పైలట్ గది నుంచి చూసినప్పుడు ప్రాపెల్లర్ సవ్యదిశలో తిరిగే విమానం, తోక పైకి లేచే సమయంలో, ఎడమకు తిరగడం సహజమే. థ్రాటిల్‌ను ఒక్కసారిగా తోయకుండా రెండు మూడు సెకన్ల పాటు క్రమంగా పెంచుతూ, కుడి రడ్డర్ (తోక మీది నిలువు చుక్కాని) ముందే సిద్ధంగా ఉంచుకుంటే సరిపోతుంది. అప్పటికీ లాగుతుంటే రెండు చక్రాలూ సమాంతరంగా ఉన్నాయో లేదో చూడండి. గంజాం జిల్లాలో చాలామందికి దొరికే మైదానం కోత అయిపోయిన వరి మడే. ఆ కొయ్యకాళ్ళ మీద, గట్ల పక్కన నాలుగుసార్లు దిగిన తరువాత చక్రపు కాళ్ళు వెనక్కో పక్కకో కొద్దిగా వంగకుండా ఉండడం అరుదు. ఈ వంపును గుర్తుంచుకోండి, అసలు విషయంలో దీని ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

లక్షణం: దిగేటప్పుడు ఒక రెక్క హఠాత్తుగా కూలుతుంది

మొదటి కారణం వేగం చాలకపోవడం. దీనికి వేరే వివరణ అక్కరలేదు. రెండవది సీజీ, అంటే విమానం బరువు తూగే కేంద్రం. కింది రెక్క ఉన్న విమానానికి సీజీని తలకిందులుగా ఆనించి చూడాలి. బ్యాటరీ పట్టీ బిగించి ఉండాలి. తయారీదారు చెప్పిన స్థితిలోనే చక్రాలు ఉండాలి. కోర్సేర్ వంటి వాటి కాళ్ళు వెనక్కి ముడుచుకుంటాయి కనుక, చక్రాలు దింపి చూసిన సీజీ గాలిలో కొంత వెనక్కి జరుగుతుంది. మూడవది ఫ్లాప్‌లు. రెండూ ఒకే కోణంలో దిగుతున్నాయా అనేది కంటితో అంచనా వేయకుండా స్కేలుతో కొలవండి.

ఈ మూడూ సరిగా ఉంటే రెక్క మెలితిరిగిందేమో చూడాలి. వేసవిలో మూసి ఉంచిన కారు వెనుక సీట్లో విమానాన్ని పెడితే ఫోమ్ మెత్తబడి, బరువు ఆనిన వైపుకు ఒరుగుతుంది. తోక వెనుక నిలబడి, రెండు రెక్కల వెనుక అంచులనూ ఒకే దృష్టిరేఖలో పోల్చి చూస్తే తేడా తెలిసిపోతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో సమంగా వేడిచేసి, కావలసిన దానికన్నా కొంచెం ఎక్కువగా ఎదురు దిశలో మెలిపెట్టి, పూర్తిగా చల్లారేవరకు పట్టుకుంటే సరవుతుంది. సరైందో లేదో తేల్చడానికి గాలిలో తగినంత ఎత్తున వేగం తగ్గించి చూడండి, అయితే గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కరలేని ప్రాంతంలో) అనుమతించిన 120 మీటర్ల హద్దు దాటవద్దు. గోపాలపూర్‌లో సైన్యపు వైమానిక రక్షణ కళాశాల ఉంది కనుక, ఆ వైపు ఎగరవేసేవారు ముందుగా డిజిటల్ స్కై పటాన్ని (ఎక్కడ ఎగరవేయవచ్చో చూపే ప్రభుత్వ పటం) చూసుకోవడం తప్పనిసరి.

లక్షణం: పైకి లేచి చక్రాలు ముడిచిన కొద్ది సెకన్లకే విమానం మాట వినదు

ఇక్కడ తొందర పడకుండా చదవండి. విమానం నిక్షేపంగా నేల విడుస్తుంది. చక్రాల స్విచ్ వేసి, ఫ్లాప్‌లు ఎత్తుతూ, మొదటి మలుపు మొదలుపెట్టగానే ఒకటి రెండు సెకన్ల పాటు కంట్రోల్స్ పనిచేయవు, దానితోపాటు మోటార్ కూడా ఆగిపోవచ్చు. ఎత్తు ఉంటే తేరుకుంటుంది, లేకపోతే పక్క మడిలో పడుతుంది. తరువాత ఇంటికి తెచ్చి బ్యాటరీ కలిపితే అన్నీ చక్కగా పనిచేస్తాయి. అప్పుడు యజమాని యాంటెన్నా మారుస్తారు, రిసీవర్ (విమానంలో రేడియో సంకేతాలు అందుకునే పరికరం) మారుస్తారు, చివరికి రోడ్డు పక్క మొబైల్ టవర్‌ను తిట్టుకుంటారు. టవర్ వల్ల నిజంగా అంతరాయం కలిగితే, అది చక్రాలు ముడిచే క్షణాన్నే వెతుక్కుని రాదు.

అసలు కారణం రిసీవర్‌కు అందే వోల్టేజీ పడిపోవడం. ఈ తరహా విమానంలో ఎయిలరాన్‌లకు (విమానాన్ని పక్కకు ఒరిగించే రెక్క పలకలు) రెండు, ఫ్లాప్‌లకు రెండు, ఎలివేటర్‌కు (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) ఒకటో రెండో, రడ్డర్‌కు, తోక చక్రానికి కలిపి ఏడెనిమిది సర్వోలు (ఈ పలకలను కదిపే చిన్న మోటార్లు) ఉంటాయి. వాటికి తోడు చక్రాలను ముడిచే మోటార్లు రెండు. వీటన్నిటికీ చాలా సందర్భాల్లో ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని అదుపు చేసే పరికరం) లోపలి బీఈసీ (రిసీవర్‌కూ సర్వోలకూ తక్కువ వోల్టేజీ అందించే భాగం) ఒక్కటే ఆధారం, దాని సామర్థ్యం సాధారణంగా 5 నుంచి 8 ఆంపియర్లు. అడ్డు లేకుండా తిరిగే రిట్రాక్ట్ (చక్రాలను ముడిచే యంత్రం) మోటార్ తీసుకునే కరెంటు స్వల్పమే, కానీ కాలు దారిలో ఎక్కడైనా బిగుసుకుంటే, దాని కంట్రోలర్ అడ్డును గుర్తించి కరెంటు ఆపేవరకు ఆ మోటార్ విపరీతంగా కరెంటు లాగుతుంది. సరిగ్గా అదే సమయంలో ఫ్లాప్‌లు కదులుతుంటాయి, మలుపు కోసం ఎయిలరాన్‌లూ ఎలివేటరూ గాలి ఒత్తిడికి ఎదురు పనిచేస్తుంటాయి. వోల్టేజీ నాలుగున్నర కిందికి రాగానే సర్వోలు నీరసిస్తాయి. సుమారు మూడున్నర దగ్గర చాలా రిసీవర్లు ఆగిపోయి, మళ్ళీ మొదటి నుంచి మొదలవుతాయి.

ఈ లోపం ఇంట్లో ఎందుకు దొరకదు? మనం చక్రాలను పరీక్షించేది విమానాన్ని బల్ల మీద తలకిందులుగా పెట్టి కనుక. ఆ స్థితిలో ఆకాశం వైపు నిలబడిన కాలు ముడుచుకోవడానికి దాని బరువే సాయం చేస్తుంది. గాలిలో అదే కాలు కిందికి వేలాడుతూ ఉంటుంది కనుక, మోటార్ దాన్ని బరువుకు ఎదురుగా పైకి ఎత్తాలి. విమానం మలుపులో ఉంటే ఆ బరువు ఇంకా పెరుగుతుంది. అంటే బల్ల మీద పరీక్షలో నెగ్గిన చక్రాలు గాలిలో నెగ్గుతాయన్న హామీ ఏదీ లేదు. పైగా ఒక్కొక్క స్విచ్‌నూ విడివిడిగా వేసి చూస్తాము తప్ప, అన్నిటినీ ఒకేసారి కదిపి చూసేవారు అరుదు. ఇంత తేలికైన పరీక్షను వదిలేసి రిసీవర్ల మీద డబ్బు ఖర్చు పెట్టడం చూస్తే నాకు విసుగే కలుగుతుంది.

పరీక్ష ఇలా చేయండి. ప్రాపెల్లర్ తీసివేయండి. విమానాన్ని మామూలు స్థితిలోనే, రెక్క మొదళ్ళ కింద రెండు మెత్తని దిమ్మలు పెట్టి, చక్రాలు నేలకు తగలకుండా, ముడుచుకునే దారిలో ఏదీ అడ్డు రాకుండా నిలపండి. పూర్తిగా ఛార్జ్ చేసిన బ్యాటరీ కలపండి. చక్రాలు ముడిచే స్విచ్, ఫ్లాప్ స్విచ్ ఒకేసారి వేసి, చక్రాల కదలిక పూర్తయ్యేవరకు రెండు స్టిక్‌లనూ మూలమూలలకూ వేగంగా తిప్పుతూ ఉండండి. ఇలా వరుసగా కొన్నిసార్లు చేస్తూ, రిసీవర్ వోల్టేజీ అతి తక్కువగా ఎంతకు దిగిందో చూడండి. ఫ్లైస్కై ఐఏ6బీ రిసీవర్ తన వోల్టేజీని ట్రాన్స్‌మిటర్ తెర మీదనే చూపుతుంది; ఎడ్జ్‌టీఎక్స్ సాఫ్ట్‌వేర్ ఉన్న ట్రాన్స్‌మిటర్లలో కనిష్ఠ విలువ కూడా నిలిచి ఉంటుంది. స్పెక్ట్రమ్ కంపెనీ రిసీవర్ దీపం, ఎగిరి వచ్చాక, మెల్లగా మెరుస్తూ కనిపిస్తే, మధ్యలో ఎప్పుడో దానికి కరెంటు ఆగిందని అర్థం. 5 వోల్టుల బీఈసీ ఉన్న విమానంలో కనిష్ఠం 4.6 కన్నా, 6 వోల్టుల బీఈసీ ఉన్న విమానంలో 5.3 కన్నా తగ్గితే, నా లెక్కలో ఆ విమానం ఎగరడానికి తగినది కాదు.

తరువాత రిట్రాక్ట్‌లలో ఒక్కొక్క దాన్నీ రిసీవర్ నుంచి తప్పించి, ఇదే పరీక్ష మళ్ళీ చేయండి. ఒక వైపు రిట్రాక్ట్ తీసినప్పుడు మాత్రమే వోల్టేజీ నిలబడితే లోపం ఆ కాలిలోనే ఉంది. రెండూ తీసినా పడిపోతుంటే బిగుసుకుపోయిన సర్వోనో, అలసిపోయిన బీఈసీనో అనుమానించాలి. రెండు కాళ్ళూ ఒకే వేగంతో ముడుచుకోకపోతే, వెనకబడిన వైపే ముందు చూడండి.

కాలిలో లోపం సాధారణంగా నేను పైన చెప్పిన వంపే. కొయ్యకాళ్ళ మీద దిగి కొద్దిగా వెనక్కి ఒరిగిన కాలు, చక్రం ఒదిగే గుంట అంచును రాసుకుంటుంది. ఫోమ్ మీద నల్లటి రబ్బరు గీత కనిపిస్తే ఇంకే సాక్ష్యమూ అక్కరలేదు. కాలిని బయటికి తీసి సరిచేయండి, లేదా మార్చండి. గుంటను బ్లేడుతో రెండు మిల్లీమీటర్లు విశాలం చేయండి. కాలిని పట్టి ఉంచే చిన్న స్క్రూ వదులైతే కాలు తన చుట్టూ తాను తిరిగి, చక్రం అడ్డంగా వెళ్ళి తగులుకుంటుంది. అందుకు కాలి కడ్డీ మీద స్క్రూ ఆనే చోట ఆకురాయితో చదునుగా అరగదీసి, స్క్రూకు నీలం రంగు థ్రెడ్‌లాకర్ వేయండి, అది ప్లాస్టిక్ భాగాలకు మాత్రం తగలకూడదు. గుంట తలుపుల కడ్డీలు, కీళ్ళలో చేరిన మట్టి కూడా ఇదే పని చేస్తాయి.

కాళ్ళు స్వేచ్ఛగా కదులుతున్నా లోపం మిగిలితే రెక్కకూ మొండేనికీ మధ్య ఉన్న కనెక్టర్‌ను చూడాలి. ఛత్రపురం, గోపాలపూర్ తీరంలో ఉప్పుగాలికి ఆ పిన్నులు ఒక్క వర్షాకాలంలోనే మసకబారి, పచ్చటి పొర పట్టడం మామూలే. దీన్ని కనుక్కోవడంలో ఒక మెలిక ఉంది. టెలిమెట్రీ (విమానం నుంచి ట్రాన్స్‌మిటర్ తెరకు వచ్చే సమాచారం) చూపేది రిసీవర్ దగ్గరి వోల్టేజీని మాత్రమే. కనెక్టర్ దాటాక రెక్కలో ఎంత మిగిలిందో అది చూపలేదు. అందుచేత ఎయిలరాన్ సర్వో ప్లగ్ దగ్గర వై తీగ (ఒక ప్లగ్‌ను రెండుగా చీల్చే తీగ) పెట్టి, పరీక్ష నడుస్తుండగా మల్టీమీటర్‌తో కొలవండి. రిసీవర్‌కూ రెక్కకూ మధ్య 0.3 వోల్టులకు మించి తేడా ఉంటే పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తని బ్రష్‌తో శుభ్రం చేయండి. గరుకు కాగితంతో రుద్దవద్దు, పై పూత పోయి తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. వదులైన పిన్నులను మార్చడమే మంచిది. తీగ సన్నదైతే 22 గేజీ తీగ వేయండి. విమానం పెట్టెలో సిలికా జెల్ ఉంచడం ఈ తీరంలో విలాసమేమీ కాదు.

విద్యుత్ సరఫరాను పెంచడం చివరి మెట్టు. అందరూ మొదట చేసేది అదే. బిగుసుకున్న కాలికి పెద్ద బీఈసీ తగిలిస్తే రిసీవర్ బతుకుతుంది కానీ రిట్రాక్ట్ మోటార్ కాలిపోవచ్చు. కాళ్ళూ కనెక్టర్లూ బాగుపడ్డాక కూడా వోల్టేజీ చాలకపోతే, 10 ఆంపియర్లకు తగ్గని వేరే స్విచింగ్ బీఈసీ పెట్టండి. అప్పుడు ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కు వచ్చే ప్లగ్‌లో మధ్యనున్న ఎర్ర తీగను తీసి, టేపు చుట్టండి; రెండు బీఈసీలను ఒకదానితో ఒకటి కలపకూడదు. సర్వో ప్లగ్ ఒక్కటి సుమారు 3 ఆంపియర్లనే నిలకడగా మోయగలదు కనుక, కొత్త బీఈసీ నుంచి రిసీవర్‌కు రెండు ప్లగ్‌లు ఇవ్వండి. రిసీవర్‌కు వేరే బ్యాటరీ పెట్టదలిస్తే, సర్వోలు, రిట్రాక్ట్‌లు అధిక వోల్టేజీని తట్టుకుంటాయని వాటి మీద రాసి ఉంటే తప్ప 2ఎస్ లైపోను నేరుగా కలపవద్దు, అది పూర్తి ఛార్జ్‌లో 8.4 వోల్టులు ఇస్తుంది. ఖాళీ పోర్టులో కెపాసిటర్ గుచ్చితే చాలని కొందరు చెబుతారు. అది క్షణకాలపు కుదుపును ఆపుతుంది, సెకన్ల పాటు సాగే కొరతను తీర్చలేదు.

లక్షణం: మోటార్ ఆగుతుంది కానీ కంట్రోల్స్ పనిచేస్తూనే ఉంటాయి

ఇది పైదానితో సంబంధం లేని లోపం. పాతబడిన లైపో భారానికి కుంగి, ఈఎస్‌సీ కటాఫ్ (బ్యాటరీ వోల్టేజీ తగ్గితే మోటార్‌ను ఆపే ఏర్పాటు) పనిచేసి ఉంటుంది. దిగగానే ప్రధాన కనెక్టర్‌ను వేలితో తాకి చూడండి, బాగా వేడిగా ఉంటే టంకం మళ్ళీ వేయండి. ఒక్కో సెల్ వోల్టేజీ విడిగా కొలిచి, తేడా ఉన్న బ్యాటరీని చిన్న విమానాలకు కూడా వాడకుండా పక్కన పెట్టండి.

అరుదైనవి

రిసీవర్ నిజంగా చెడిపోవడం, యాంటెన్నా బ్యాటరీ చాటున పడి సిగ్నల్ తగ్గడం, సర్వో పళ్ళు విరగడం, మోటార్ పట్టీ ఊడడం వంటివి ఉండవచ్చు. వీటిలో ఎక్కువ భాగం చేత్తో కదిపితే, లేదా రేంజ్ పరీక్ష చేస్తే తెలుస్తాయి. ఆ రేంజ్ పరీక్షను కూడా చక్రాలు కదులుతుండగానే చేయండి.

మరమ్మతు తరువాత మొదటిసారి ఎగరేటప్పుడు చక్రాలను ముడవకుండా ఒక చుట్టు తిరిగి రండి. రెండవ చుట్టులో తగినంత ఎత్తున, తిన్నని దారిలో, ఫ్లాప్‌లు ముట్టకుండా చక్రాలు మాత్రమే ముడిచి, దిగిన వెంటనే కనిష్ఠ వోల్టేజీ చూడండి. అది నేల మీద పరీక్షలో వచ్చిన అంకెకు దగ్గరగా ఉంటే, ఆ తరువాతి చుట్టులో ఫ్లాప్‌లను, మలుపును చేర్చండి.