ఉగ్గుగిన్నె పాఠాలు – నాలుగో పాఠం: బీన్స్

మూడో పాఠం దాకా వచ్చినవాళ్లకి గుమ్మడికాయ, చిలగడదుంప, క్యారెట్టు ఈపాటికి చేతికొచ్చేసి ఉంటాయి. ఆ మూడూ బుద్ధిమంతులు. ఉడికిస్తే మెత్తబడతాయి, మెదిపితే మెదుగుతాయి, తియ్యగా ఉంటాయి కాబట్టి బిడ్డా పేచీ పెట్టదు. బీన్స్ అలాంటిది కాదు. తీపి అంతంతమాత్రం. పైన తొక్క, పక్కన నార, లోపల పిక్క. దీన్ని మొదటి పాఠంలో పెడితే సగంమంది అక్కడే మానేస్తారని నాలుగో దాకా ఆపాను.

బిడ్డకి ఇంకా ఆరు నెలలు నిండకపోతే ఈ పాఠం దాచుకోండి. ఆడపిల్లకి బేసి నెల అని ఐదో నెలలోనే అన్నప్రాశన చేసే ఇళ్లు మన జిల్లాలో చాలా ఉన్నాయి. ముహూర్తాన్ని కాదనను. ఆ రోజు ముచ్చట ఆ రోజుతో ఆపి, రోజూ తిండి మాత్రం ఆరు నిండాకే మొదలెట్టండి. మెడ నిలబడాలి, ఆసరా ఇస్తే కూర్చోవాలి, చెంచా పెడితే నాలుకతో బయటికి నెట్టేయకూడదు. మొదటి పాఠంలో చెప్పిందే, మళ్లీ చెప్తున్నాను.

కాయ ఎంచడం

శ్రీకాకుళం రైతుబజారులో బీన్స్ గుట్టలో చెయ్యి పెట్టి పిడికెడు ఎత్తుకుంటే కుదరదు. ఒక్కో కాయా చూడాలి. మధ్యలో పట్టుకుని వంచండి. టక్కుమని విరిగితే లేతది. రబ్బరులా వంగిందంటే వాడిపోయింది. కాయ మీద పిక్కలు గుబ్బలుగా పొడుచుకొచ్చి కనబడితే అది ముదురు, పెద్దవాళ్ల కూరకి వెయ్యండి. కొట్టతను "అమ్మా, విరక్కొట్టీకండి" అంటాడు. ఒకటి విరిచి, బిడ్డకోసమని చెప్పండి, ఏమీ అనడు.

బీన్స్ దొరకని రోజు లేత బరబాటి, అదే అలసంద కాయ, తీసుకోండి. పద్ధతి అంతా ఇదే. చిక్కుడుకాయ తొక్క మందం, దానికి ఇంకో రెండు నెలలు ఆగండి. గోరుచిక్కుడు ఏడాది దాటాకే. పీచు ఎక్కువ, ఆ చేదుకి ముఖం తిప్పేస్తారు.

ఒక పూటకి ఎనిమిది కాయలు చాలు. రెండు మూడు పెద్ద చెంచాల గుజ్జు వస్తుంది. మొదట్లో బిడ్డ పూటకి తినేదే అంత.

నార తీయడం – అసలు పాఠం ఇదే

కాయల్ని కోయకముందే పారే నీళ్ల కింద వేళ్లతో రుద్ది కడగండి. కోసి కడిగితే లోపలికి నీళ్లు పడతాయి, సారం బయటికి పోతుంది. ఇప్పుడు కాయ తొడిమని గోటితో గిల్లి, పూర్తిగా తెంపకుండా, కాయ వీపు వెంబడి కిందికి లాగండి. సన్నటి దారం ఊడి వస్తుంది. కాయని తిప్పి, రెండో కొసని అలాగే గిల్లి, రెండో పక్కన లాగండి. కొన్నింటికి అసలు నారే ఉండదు. ఇప్పుడొచ్చే రకాల్లో చాలావాటికి ఉండదు. నన్ను ముంచింది అదే.

మా పెద్ద మనవరాలికి ఏడో నెల. ఆ రోజు కాయలు చూడ్డానికి అద్దంలా ఉన్నాయి. నాలుగు కాయలు లాగి చూశాను, నార రాలేదు. మిగతావీ అంతే అనుకుని చాకుతో చకచకా కొసలు కోసేసి ఉడకబెట్టేశాను. మూడో చెంచాకి పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి, ముఖం ఎర్రబడింది, ఓక్ ఓక్ అంటోంది. ముందుకి వంచి పట్టుకున్నాను. రెండు దగ్గులు దగ్గి తనే కక్కేసింది. చూస్తే బెత్తెడు పొడుగు నార, గుజ్జు అంటుకుని. మిక్సీలో వేసిందే! బ్లేడు నారని కోయలేదు, చుట్టేసుకుంది. పక్కింటి పిన్ని గుమ్మంలో నిలబడి "ఏటమ్మా, బిడ్డకి తాడు పెట్టీసినావేటి?" అంది. ఆవిడ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. నాలుగు చూసి నలభైకి తీర్పు చెప్పకండి. ప్రతి కాయా, రెండు పక్కలా.

ఉడికించడం

ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద, కాయల్ని ముక్కలు చేయకుండా, పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. ఇడ్లీ పాత్ర తీసే ఓపిక లేకపోతే అన్నం కుక్కర్లోనే చిన్న గిన్నెలో పెట్టండి, అన్నంతో పాటు అయిపోతుంది. పచ్చివీ, సగం ఉడికినవీ పెట్టకూడదు. పచ్చి బీన్స్‌లో లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. అది పొట్టని ఇబ్బంది పెడుతుంది, బాగా ఉడికితే పోతుంది.

ఉడికిందో లేదో గడియారాన్ని అడక్కండి. ఒక కాయ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కండి. ఇంకా పళ్లు రాని బిడ్డ చిగుళ్లకున్న బలం అంతే. ఆ మాత్రం నొక్కుకే పిక్కతో సహా చితికిపోవాలి. పిక్క జారి పక్కకి గెంతిందంటే ఇంకో ఐదు నిమిషాలు. రంగు కొంచెం చచ్చి, ముదురాకుపచ్చలోకి పోతుంది. పోనివ్వండి. పచ్చగా ఉండాలని వంటసోడా చిటికెడు వేసేవాళ్లున్నారు. దానివల్ల విటమిన్లు పోతాయి, బిడ్డకి సోడియం పెరుగుతుంది. ఉప్పూ పంచదారా ఏడాది దాకా వద్దు. తేనె కూడా ఏడాది లోపు నాకించకండి, పెద్దవాళ్లు ఎంత చెప్పినా సరే. అందులో ఉండే సూక్ష్మజీవులు పసిపిల్లలకి బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తేగలవు.

మెదపడం

బీన్స్ తొక్క మిక్సీలో ఎంత తిప్పినా కొంచెం గరగరలాడుతుంది. మొదటి వారం మాత్రం మిక్సీలో కాస్త ఉడికిన నీళ్లు గానీ, పిండిన తల్లిపాలు గానీ పోసి తిప్పి, టీ వడకట్టులో గరిటె వెనకతో రుద్ది దించండి. తొక్క పైన నిలబడిపోతుంది. రెండో వారం నుంచి వడకట్టు మానేయండి. నెల తిరిగేసరికి మిక్సీ కూడా మానేసి పప్పుగుత్తితో మెదపండి.

ఈ మాట గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మా అమ్మాయి ఉద్యోగానికి పోతూ హడావిడిలో రెండోవాడికి పదో నెల దాకా అన్నీ మిక్సీలోనే తిప్పింది. వాడు ఆ తర్వాత మెతుకు తగిలితే చాలు ఉమ్మేసేవాడు. మళ్లీ దారిలో పెట్టేసరికి నాకు రెండు నెలలు పట్టింది. ఆలస్యంగా గట్టి తిండి అలవాటు చేయడం కష్టం. ఏడో నెల నుంచే కొంచెం కొంచెం పలుకు తగలనివ్వాలి.

ఒంటరిగా బీన్స్ కడుపు నింపదు. నూరు గ్రాములకి ముప్ఫై కేలరీలే, ఇనుము ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ. ఆరు నెలలు దాటిన బిడ్డకి ముఖ్యంగా కావాల్సింది ఇనుమే. అందుకని మొదటి మూడు రోజులూ బీన్స్ ఒక్కటే పెట్టి, ఒంటి మీద దద్దుర్లు, వాంతులు లేవని చూసుకున్నాక, పెసరపప్పు అన్నంలో కలిపేయండి. అర చెంచా నెయ్యి. లేదా చోడిపిండి (రాగిపిండి) జావ గట్టిగా కాచి అందులో. గుడ్డు, ముల్లు తీసిన చేప ఇంట్లో తినేవాళ్లయితే అవి కూడా.

దాచడం గురించి ఒక మాట. చెంచా బిడ్డ నోట్లోంచి గిన్నెలోకి వచ్చిన గుజ్జు దాచకూడదు. తాకనిది ఫ్రిజ్‌లో ఒక రోజు, మహా అయితే రెండు. బయట రెండు గంటలు మించొద్దు, మన వేసవిలో ఇంకా తక్కువ. ఐసు ట్రేలో గడ్డకట్టించి నెల రోజులకి సరిపడా చేసుకోవచ్చంటారు. నేనూ చేశాను, 2018లో. అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు ఎన్నాళ్లకొచ్చిందో ఆ పక్క ఉద్దానం ఊళ్లవాళ్లనడగండి. అప్పుడు మా అమ్మాయి అక్కడే, సోంపేటలో ఉండేది. ట్రేలన్నీ కాలవలో పారబోశాం. అప్పట్నుంచి రోజుకి ఎనిమిది కాయలే.

చేతికివ్వడం

ఎనిమిది, తొమ్మిది నెలలకి కాయని మెదపకుండా, బాగా మెత్తగా ఉడికించి, మీ వేలంత పొడుగున్నదాన్ని అలాగే చేతికివ్వండి. పిడికిట్లోంచి పైకి కనబడేంత పొడుగుండాలి, లేకపోతే కొరకడానికి ఏమీ మిగలదు. రెండువేళ్లతో మరమరం ఏరుకునే నేర్పు వచ్చాక చిన్నముక్కలు. బిడ్డ కూర్చునే తినాలి. పడుకోబెట్టీ, నడిపిస్తూ, ఫోను చూపిస్తూ వద్దు. మీరు పక్కనే ఉండాలి.

ఓకరించడం వేరు, గొంతుకడ్డం పడడం వేరు. ఓకరించేటప్పుడు చప్పుడుంటుంది, దగ్గుంటుంది, ముఖం ఎర్రబడుతుంది. కంగారుపడి నోట్లో వేలు పెట్టకండి, ఇంకా లోపలికి పోతుంది. చప్పుడు ఆగిపోయి, ఏడుపు రాక, పెదాలు నీలంగా మారితే అది ప్రమాదం. వెంటనే బిడ్డని ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్య ఎముక మీద రెండువేళ్లతో ఐదుసార్లు నొక్కండి. వచ్చేదాకా అలా మార్చి మార్చి. ఇంట్లో ఇంకొకరు 108కి ఫోను చెయ్యాలి. ఇది ఏడాది లోపు పిల్లలకి. రేపే ఒక బొమ్మ మీద సాధన చెయ్యండి.

ఉమ్మేస్తే నచ్చలేదని రాసేసుకోకండి. కొత్త రుచికి ఎనిమిది, పదిసార్లు పెట్టాల్సి వస్తుంది. రెండు రోజులు ఆగి, మళ్లీ అర చెంచా. మర్నాడు విరేచనంలో ఆకుపచ్చ రంగు, తొక్కముక్కలు కనిపించొచ్చు, భయం లేదు. నెత్తురు, జిగురు కనబడితే మాత్రం డాక్టరు దగ్గరికి.

ఈ వారం ఇంటిపని: పావుకిలో బీన్స్ తెచ్చి, ప్రతి కాయకీ రెండు పక్కలా నార లాగి, ఎన్నింటికి వచ్చిందో లెక్కపెట్టి చీటీ మీద రాసుకోండి. ఉడికించి ఐదింటిని వేళ్ల మధ్య నొక్కి చూడండి. బిడ్డకి పెట్టకముందు ఒకటి మీ నోట్లో వేసుకుని, పళ్లు ఆనించకుండా, నాలుకతో అంగిటికి నొక్కి తినండి. చితికితే పెట్టండి. వచ్చే వారం తోటకూర.