చూపు లేనివాళ్ళ కోసం పాత కంప్యూటర్‌ని మాట్లాడించడం ఎలా

పాత కంప్యూటర్ చేతికి రాగానే చాలామంది ఎన్‌వీడీఏ (తెర మీద ఉన్నదాన్ని పైకి చదివే ఉచిత ప్రోగ్రాం, అంటే స్క్రీన్ రీడర్) కొత్త వెర్షన్ దింపి ఎక్కించబోతారు. అది ఎక్కదు. "ఈ డబ్బా ఇంక పనికిరాదు" అని ఇంట్లోవాళ్ళు తేల్చేస్తారు. ఒడిశాలోని పర్లాకిమిడిలో నా దగ్గర నేర్చుకునే పిల్లల ఇళ్ళలో ఈ మాట ఎప్పుడూ వింటూనే ఉంటాను. పాత విండోస్‌కి దాని ఈడు స్క్రీన్ రీడరే కావాలి. అది ఇప్పటికీ ఉచితంగా దొరుకుతుంది. నాకు పుట్టుకతోనే చూపు లేదు కాబట్టి, ఇక్కడ చెప్పేవన్నీ చేత్తో తడిమి, చెవితో విని చేసుకునే పనులే.

ముందు అది ఏ విండోసో తెలుసుకోండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, డబ్ల్యూ, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అని టైప్ చేసి ఎంటర్ కొడితే ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో పేరుంటుంది. ఎక్స్‌పీ, విస్టా అయితే ఎన్‌వీడీఏ 2017.3 దాకానే పనిచేస్తుంది. విండోస్ 7, 8 అయితే 2023.3.4 చివరిది. 7కి సర్వీస్ ప్యాక్ 1 కూడా ఉండాలి. 64 బిట్ విండోస్ 10కి ఈ తంటా లేదు. పాత వెర్షన్లన్నీ ఎన్‌వీడీఏని తయారుచేసే ఎన్‌వీ యాక్సెస్ వాళ్ళ డౌన్‌లోడ్ సైట్‌లోనే ఫోల్డర్ల వారీగా ఉన్నాయి, ఇంకెక్కడా వెతక్కండి.

షాపుల్లో "జాస్ వేసిస్తాం అక్కా, ఫుల్ వెర్షన్" అంటారు. జాస్ అంటే డబ్బు పెట్టి కొనే స్క్రీన్ రీడర్. వాళ్ళు తీసుకునే ధరకి ఫుల్ వెర్షన్ రాదు, వేసేది క్రాక్, అంటే దొంగ కాపీ. దానితో వైరస్ కూడా వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. లైసెన్సు లేని అసలు జాస్ 40 నిమిషాలు నడిచి ఆగిపోతుంది, మళ్ళీ కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలి. రుచి చూడ్డానికి అది చాలు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు పెన్ డ్రైవ్ జేబులో పెట్టుకుని వెళ్ళండి. ఎన్‌వీడీఏ మెనూలో టూల్స్ కింద పోర్టబుల్ కాపీ తయారుచేసే ఆప్షన్ ఉంది. దాన్ని 2023.3.4తో చేసుకుంటే విండోస్ 7 నుంచి 11 దాకా అన్నిట్లోనూ నడుస్తుంది, ఒక్క పెన్ డ్రైవ్ సరిపోతుంది. షాపులో ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. మాట రాగానే ఇందాక చెప్పిన పెట్టె తెరిచి ఇన్సర్ట్, బి కలిపి నొక్కండి, అందులో ఉన్నదంతా చదువుతుంది. ఒక ఇబ్బంది: పాస్‌వర్డ్ అడిగే లాగిన్ స్క్రీన్‌నీ, అడ్మిన్ అనుమతి అడిగే పెట్టెనీ పోర్టబుల్ కాపీ చదవలేదు. అక్కడ నిశ్శబ్దమైపోతే టెన్షన్ పడకండి. ఇంటికి తెచ్చుకున్నాక ఇన్‌స్టాల్ చేస్తే ఆ బాధ పోతుంది.

ఇప్పుడు చేతి పని. కీబోర్డు నంబర్ ప్యాడ్ ఉన్న పాతకాలం పెద్దదే తీసుకోండి, ఎన్‌వీడీఏ చదివే ఆదేశాలు సగం ఆ ప్యాడ్ మీదే ఉంటాయి. ఎఫ్, జె, అయిదు అంకె మీద గీతలో చుక్కలో వేలికి తగలాలి. పైన ఫంక్షన్ కీలు నాలుగేసి చొప్పున విడివిడిగా ఉండాలి. ఈమధ్య వచ్చే పల్చటి కీబోర్డుల్లో అన్నీ అతుక్కుని ఉంటాయి, ఎఫ్ 4 ఎక్కడో ఎఫ్ 5 ఎక్కడో ఎవరికీ తెలియదు. నంబర్ ప్యాడ్ లేని ల్యాప్‌టాప్ అయితే సెట్టింగుల్లో ల్యాప్‌టాప్ లేఅవుట్ పెట్టుకుని, ఇన్సర్ట్ బదులు క్యాప్స్ లాక్‌ని ఎన్‌వీడీఏ కీగా వాడుకోవచ్చు.

ఇయర్‌ఫోన్ జాక్‌లో పెట్టి అటూ ఇటూ కదిపి చూడండి. గరగరమన్నా కంప్యూటర్ వదులుకోవద్దు, వేలెడంత యూఎస్‌బీ సౌండ్ కార్డు తగిలిస్తే సరిపోతుంది. డబ్బు ఒక్కదాని మీదే పెట్టగలిగితే ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) మీద పెట్టండి. హార్డ్ డిస్క్ గిరగిరా తిరుగుతున్నంతసేపూ స్క్రీన్ రీడర్ మాట తడబడుతుంది. మనకి మాట ఆగిందంటే స్క్రీన్ ఆరిపోయినట్టే. ర్యామ్ 4 జీబీ ఉంటే నెట్టుకురావచ్చు.

ఎక్కువమందిని ఏడిపించేది మాత్రం మదర్‌బోర్డు మీది చిన్న బిళ్ళ బ్యాటరీ. ప్లగ్ తీసేసినా, కరెంటు పోయినా గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది. స్విచ్ వేయగానే చాలా కంప్యూటర్లు "ఎఫ్ 1 నొక్కండి" అని రాసి అక్కడే ఆగిపోతాయి. విండోసే రాలేదు కాబట్టి ఎన్‌వీడీఏ కూడా రాదు. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. స్క్రీన్ రీడర్ పోయిందనుకుని దాన్ని తీసి మళ్ళీ వేసేవాళ్ళని చూశాను. ముందు ఎఫ్ 1 నొక్కి చూడండి. మాట వచ్చాక ఇన్సర్ట్, ఎఫ్ 12 రెండుసార్లు నొక్కితే తేదీ చెబుతుంది. తప్పుంటే బ్యాటరీ మార్చేయాలి, లేకపోతే వెబ్‌సైట్లు కూడా సురక్షితం కాదంటూ తెరుచుకోవు. సీఆర్ 2032 అని అడిగితే వాచీలు బాగుచేసే కొట్లో కూడా ఇస్తారు.

ఎక్స్‌పీకి 2014లో, విండోస్ 7కి 2020లో, విండోస్ 10కి 2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపేసింది. ఎక్స్‌పీ, 7 మీద బ్యాంకు పని పెట్టుకోవద్దు. చదవడం, రాయడం, పాటలు వినడం వరకే. నెట్ తప్పదంటే విండోస్ బదులు డెబియన్ లినక్స్ అనే ఉచిత సిస్టమ్ వేయించుకోండి. దాని ఇన్‌స్టాలర్ బీప్ అన్నాక ఎస్ నొక్కి ఎంటర్ కొడితే అప్పట్నుంచి ప్రతి అడుగూ పైకి చదువుతుంది, పక్కన చూపున్న మనిషి అక్కర్లేదు. అందులో మాటే (MATE) అనే డెస్క్‌టాప్ తేలిక, అందులో ఓర్కా స్క్రీన్ రీడర్ వస్తుంది. బాగా పాత 32 బిట్ కంప్యూటర్‌కైతే డెబియన్ 12 దింపండి, 13లో దానికి ఇన్‌స్టాలర్ తీసేశారు. అయినా కొత్తగా నేర్చుకునేవాళ్ళని నేను విండోస్‌తోనే మొదలుపెట్టిస్తాను. ఎక్కడైనా ఆగిపోతే చెప్పేవాళ్ళు పక్క వీధిలో దొరుకుతారు.

మా దగ్గర పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ అనే గొంతులో రెండూ ఉన్నాయి, మరాఠీ కూడా. గొంతు రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టుంటుంది, కానీ ఎంత పాత కంప్యూటర్ మీదైనా నొక్కీ నొక్కగానే పలుకుతుంది. ఇన్సర్ట్, కంట్రోల్, వి నొక్కితే గొంతు మార్చుకోవచ్చు. టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికే నేర్పండి. ఒడియా 'క', తెలుగు 'క' ఒకే కీ మీద ఉంటాయి, అది కె. వేలికి గుర్తు తగిలే జె మీద 'ర', ఎఫ్ మీద గుడి. ఒక భాషకి అలవాటైన చెయ్యి రెండోదానికీ పనికొస్తుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా కొన్ని తెలుగు ఫైళ్ళని మాత్రం స్క్రీన్ రీడర్ అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా చదువుతుంది. అవి ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు బొమ్మలు పెట్టిన అను ఫాంట్లలో కొట్టినవి. ఒడియాలో ఆకృతి, మరాఠీలో శ్రీలిపితోనూ ఇదే గొడవ. గొంతులు మార్చి లాభం లేదు. టైపు చేసిన ఫైలే దొరికితే యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కన్వర్టర్‌లో వేయండి. పీడీఎఫ్ మాత్రమే ఉంటే పేజీలని బొమ్మలుగా మార్చి టెసరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్‌కి (బొమ్మలోని అక్షరాలని గుర్తుపట్టే ప్రోగ్రాం) ఇవ్వండి, దానికి తెలుగు, ఒడియా, మరాఠీ మూడూ వచ్చు. ఒత్తుల దగ్గర తప్పులు చేస్తుంది, సందర్భాన్ని బట్టి సరిచేసుకోవాలి. నోట్సులూ ప్రశ్నపత్రాలూ డీటీపీ వాళ్ళకి ఇచ్చే మాస్టర్లు మీకు తెలిసినవాళ్ళే అయితే, యూనికోడ్‌లో కొట్టి వర్డ్ ఫైలు ఇమ్మని ముందే అడగండి.