నేవీ నుంచి దిగాక డీఎస్సీలో చేరాలంటే ఏం చేయాలి: వైజాగ్ ఎక్స్ సర్వీస్‌మెన్ కోసం

ముందే చెప్పేస్తున్నా, ఇది టీచర్ పోస్టుల డీఎస్సీ కాదు, ఆ పేరు చూసి వచ్చినోళ్లు వెనక్కి వెళ్లిపోవచ్చు. ఇది డిఫెన్స్ సెక్యూరిటీ కోర్. ఆర్మీలో ఒక భాగం, కానీ ఇందులో కుర్రాళ్లని తీసుకోరు, ఆర్మీ గానీ నేవీ గానీ ఎయిర్‌ఫోర్స్ గానీ చేసి బయటికొచ్చిన వాళ్లనే మళ్లీ తీసుకుంటారు. ఆయుధ డిపోలు, నేవీ ఎయిర్‌ఫోర్స్ స్థావరాలు, డీఆర్డీవో ల్యాబులు, ఇలాంటి చోట్ల కాపలా వీళ్ల పని. 1947లో మధురలో మొదలైంది, తర్వాత కేరళలో కన్నూర్‌కి మారింది, ఇప్పటికీ సెంటరూ అక్కడే, రికార్డ్స్ ఆఫీసూ అక్కడే.

వైజాగ్‌లో నేవీ నుంచి దిగినోళ్లు మల్కాపురం, గాజువాక, ఎన్ఏడీ, గోపాలపట్నం, పెందుర్తి ఎటు చూసినా ఉంటారు, అయినా డీఎస్సీ మాటెత్తితే అది ఆర్మీ వాళ్లకి కదండీ అంటారు చాలామంది. కాదు, సెయిలర్లకీ ఉంది.

మళ్లీ రెగ్యులర్ ఆర్మీలోకి పోవచ్చా అని కూడా అడుగుతుంటారు. కుదరదు, ఇప్పుడు సోల్జర్‌గా వెళ్లే దారి అగ్నివీర్ ఒక్కటే, దాని వయసు ఇరవైల మొదట్లోనే ఆగిపోతుంది. ఇంకా సర్వీసులో ఉండి ఆఫీసర్ అవ్వాలనుకునే చిన్నోళ్లకి ఆర్మీ క్యాడెట్ కాలేజీ ఉంది, అది వేరే కథ. టెరిటోరియల్ ఆర్మీలో ఆఫీసర్‌గా పోవాలంటే డిగ్రీ ఉండాలి, 42 దాటకూడదు, సొంత సంపాదన ఉండాలి, పైగా అది ఏడాదంతా ఉండే ఉద్యోగం కాదు. పెన్షన్ తెచ్చుకుంటూ ఇంకో ఫుల్‌టైమ్ సర్వీసు కావాలనుకునే పీవోకో (పెటీ ఆఫీసర్‌కో) లీడింగ్ సీమన్‌కో మిగిలేది డీఎస్సీయే.

ఇప్పుడు అసలు లెక్క, దరఖాస్తు ఫారం కన్నా ముందు ఇది చూసుకోవాలి. డీఎస్సీలో 57 ఏళ్ల దాకా ఉండొచ్చు, ఒకేసారి అంతవరకు రాసివ్వరనుకోండి, మొదట కొన్నేళ్లకి తీసుకుని తర్వాత ఆరోగ్యం, కండక్ట్ చూసి పొడిగిస్తారు. ఇక్కడ 15 ఏళ్లు నిండితే రెండో పెన్షన్ వస్తుంది, నేవీది నేవీదే, ఇది ఇదే. 57లోంచి 15 తీసేయండి, 42. అంటే 42 లోపు చేరినోడికే రెండో పెన్షన్‌కి దారి ఉంది. జనరల్ డ్యూటీకి 46 లోపు, క్లర్కుకి 48 లోపు వయసుంటే చేర్చుకుంటారు కాబట్టి 44కి కూడా చేరిపోవచ్చు, కానీ అప్పుడు పదమూడేళ్లే అవుతాయి, చివర్లో గ్రాట్యుటీతో సరిపెట్టుకోవాలి. పదిహేనేళ్లకి కొన్ని నెలలు తగ్గి, ఆ తగ్గింది మాఫీ చేయండి అని ట్రిబ్యునళ్లు, కోర్టుల చుట్టూ ఏళ్లపాటు తిరిగినోళ్లు ఉన్నారు, ఆ తిరుగుడు మనకెందుకు.

ఎస్ఎస్ఆర్‌లో (సీనియర్ సెకండరీ రిక్రూట్‌గా) 18కి చేరి 15 ఏళ్లకి దిగినోడికి 33, వయసు పరంగా బోలెడు టైముంది. ఏఏగా (ఆర్టిఫిసర్ అప్రెంటిస్‌గా) 20 ఏళ్లు చేసినోడికి 38, 39, ఇతను వెంటనే కదలాలి. ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్ తీసుకుని పాతికేళ్లు చేద్దామనుకునేవాళ్లు ఆ సంతకం పెట్టేముందే 42 సంగతి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

అయితే 33కి దిగినోడు కూడా పోగొట్టుకునేది ఇంకోచోట ఉంది. జనరల్ డ్యూటీకైతే దిగిన తేదీ నుంచి రెండేళ్లు దాటకూడదు, క్లర్కుకైతే ఐదేళ్లు. మనోళ్లేం చేస్తారు, దిగగానే వచ్చిన డబ్బుతో కూర్మన్నపాలెం వైపు ఇల్లు మొదలెడతారు, శ్లాబు పడేదాకా ఒక ఏడాది, పరవాడ ఫార్మాలో ఎవరో చెప్తే సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా ఇంకో ఏడాది, అప్పుడు జీతం చాలట్లేదని డీఎస్సీ గుర్తొస్తుంది, అప్పటికి గేటు మూసేసి ఉంటుంది.

మిగతా అర్హతల్లో పెద్ద మెలికల్లేవు. మెడికల్‌గా షేప్ వన్, అంటే పూర్తి ఫిట్‌నెస్ కేటగిరీ ఉండాలి, కాబట్టి నేవీ నుంచి తక్కువ మెడికల్ కేటగిరీతో దిగినోళ్లకి కష్టం. క్యారెక్టర్ బాగుండాలి, కండక్ట్ షీట్‌లో పనిష్‌మెంట్లు, ముఖ్యంగా చివరి ఏళ్లవి, చాలా గట్టిగా చూస్తారు. పదో తరగతి సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. క్లర్కుకి వెళ్లేవాళ్లు కీబోర్డు మీద చేయి తిరిగేలా చూసుకోండి.

ర్యాంకు సంగతి మాత్రం మనసులో తేల్చుకునే వెళ్లాలి. మీరు పెటీ ఆఫీసర్‌గా దిగారనుకోండి, అది ఆర్మీలో హవల్దార్‌తో సమానం, చీఫ్ పెటీ ఆఫీసర్ అయితే నాయబ్ సుబేదార్. డీఎస్సీలోకి మాత్రం అందరూ సిపాయిగానే. "ఏటండీ, పీవోగా దిగి మళ్లీ సిపాయా?" అని మన చుట్టాలే నవ్వుతారు. నవ్వనివ్వండి. కానీ షిప్‌లో నలుగురికి పని చెప్పినోడు రాత్రి రెండింటికి సెంట్రీ పోస్టులో నిలబడి, తనకన్నా చిన్నోడైన గార్డు కమాండర్‌కి రిపోర్ట్ ఇవ్వాలి, విజిటర్ రిజిస్టర్‌లో లారీ నంబర్ తప్పు పడితే పొద్దున మాట పడాలి. ఇది భరించగలనా అని ఎవరికివారు ప్రశ్నించుకోవాల్సిందే, నా ఉద్దేశంలో మధ్యలో మానేసి వచ్చేవాళ్లని విసిగించేది జీతం కన్నా ఇదే. పోస్టింగ్ కూడా దేశంలో ఎక్కడైనా. వైజాగ్‌లో నేవీ ఉంది కదా ఇక్కడే వేస్తారులే అనుకుని చేరొద్దు.

ఇక కాగితాలు. ఓడ దిగకముందే సగం పని అయిపోవాలి. మనోళ్లందరికీ ఉండే గొడవ ఇంటిపేరు. నేవీ రికార్డులో "పి. రమణ" అని ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా విప్పి చివర "రావు" కూడా తగిలిస్తారు, టెన్త్ మెమోలో ఇంటిపేరు వెనకాల ఉంటుంది, భార్య ఆధార్‌లో పుట్టింటి పేరే ఇంకా నడుస్తుంటుంది. ఇవన్నీ ఒక్క తీరుగా లేకపోతే ప్రతి కౌంటర్‌లోనూ ఆగిపోతాం. సర్వీసులో ఉండగా అయితే యూనిట్ రైటర్‌తో (ఆఫీసు పని చూసే సెయిలర్‌తో) జెన్‌ఫారం, అంటే నేవీ అర్జీ ఫారం, వేయించి ముంబై మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌లో మార్పించుకోవచ్చు, దిగాక అదే పని అర్జీలు, అఫిడవిట్లతో నెలలు లాగుతుంది. ఆధార్ వైపు మార్చాల్సింది ఆధార్ సెంటర్‌లోనే మార్చేసుకోండి, ఏది మార్చినా టెన్త్ మెమోని ఆధారంగా పెట్టుకుని మిగతావి దానికి దగ్గరగా తెండి.

దిగిన వెంటనే డిశ్చార్జ్ కాగితాలు, పీపీఓ (పెన్షన్ ఆర్డరు) పట్టుకుని జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసుకి వెళ్లి పేరు రిజిస్టర్ చేయించుకుని ఎక్స్ సర్వీస్‌మెన్ ఐడీ కార్డు తీసుకోండి. డీఎస్సీ భర్తీ ర్యాలీల కబురు అక్కడ నోటీసు బోర్డుకి వస్తుంటుంది, మీ ఫోన్ నంబర్ ఇచ్చి ఉంచండి, అయినా నెలకోసారి ఒక చూపు వేసి రండి. పోలీస్ వెరిఫికేషన్ ఇప్పుడు ఉంటున్న అడ్రస్ మీద చేయించుకోవాలి, సొంతూరు శ్రీకాకుళమో విజయనగరమో అయ్యి ఆధార్ అక్కడిదే ఉంటే ముందు అడ్రస్ సంగతి చూసుకోండి, లేదంటే ఆ ఊరి స్టేషన్‌కి తిరగాలి. మరీ ముందే తీసేసుకోకండి, ఆర్నెల్లు దాటితే పాతదైపోయిందంటారు.

దరఖాస్తు డీఎస్సీ రికార్డ్స్, కన్నూర్ పేరు మీద వెళ్తుంది. సర్వీసు వివరాలు, దిగిన తేదీ, మెడికల్ కేటగిరీ, జనరల్ డ్యూటీయా క్లర్కా అన్నది, వీటికి జతగా డిశ్చార్జ్ కాగితాల కాపీలు, పీపీఓ, టెన్త్, ఆధార్, పాన్, ఫోటోలు. స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోండి. ఖాళీలని బట్టి ఎన్‌రోల్‌మెంట్‌కి పిలుస్తారు, ఎక్కడికి ఏ రోజు రావాలో అందులోనే ఉంటుంది, అక్కడ ఒరిజినల్స్ చూడటం, ఫిజికల్, మెడికల్. దీనికి ఎక్కడా ఫీజు లేదు. నాకు రికార్డ్స్‌లో తెలిసినోళ్లున్నారు, ఒక యాభై వేలు పడేయండి అని ఎన్ఏడీ జంక్షన్ టీ కొట్ల దగ్గర చెప్పేవాళ్లకి నమస్కారం పెట్టి వచ్చేయండి.

డబ్బు విషయం కొంచెం జాగ్రత్తగా చదవండి. నేవీ పెన్షన్ తీసుకుంటూనే డీఎస్సీ జీతం తీసుకోవచ్చు, అలా తీసుకున్నప్పుడు పాత సర్వీసు ఇక్కడి పెన్షన్ లెక్కలోకి రాదు, కొత్తగా పదిహేనేళ్లు చేయాల్సిందే. చేరేటప్పుడు దీనికి ఆప్షన్ రాసిమ్మంటారు, పక్కోడు ఏం రాశాడో చూసి రాయకండి, మీ పీపీఓ చూసి రాయండి. సిపాయి పే లెవెల్ 3, జీతాల పట్టికలో దాని మొదటి గడి నెలకి 21,700. మీకు ఏ గడిలో ఫిక్స్ చేస్తారన్నది చివరి జీతం సర్టిఫికెట్ (ఎల్పీసీ) మీద ఆధారపడుతుంది, అది ముంబై నేవల్ పే ఆఫీస్ నుంచి కన్నూర్ పీఏఓకి (పే అకౌంట్స్ ఆఫీసుకి) చేరాలి. ఇది రాక కనీస జీతం మీదే నడిచేవాళ్లుంటారు, తర్వాత ఏరియర్స్ వస్తాయి గానీ ఈలోపు ఈఎంఐలు ఆగవు కదా, అందుకే ఎల్పీసీ కాపీ ఒకటి సొంతంగా చేతిలో ఉంచుకోండి. చేరాక స్పర్శ్‌లో (డిఫెన్స్ పెన్షన్ల పోర్టల్‌లో) మళ్లీ ఉద్యోగంలో ఉన్నట్టు తెలియజేయాలి, పెన్షన్ మీద డీఆర్ (కరువు భృతి) లెక్క దీంతో ముడిపడి ఉంటుంది, చెప్పకుండా ఉంటే తర్వాత రికవరీ అంటారు.

పిలుపు కన్నూర్‌కి వస్తే వైజాగ్ నుంచి కేరళ బండెక్కి పాలక్కాడ్‌లోనో షోరనూర్‌లోనో మారాల్సి రావొచ్చు, ఒక రోజు ముందే చేరేలా టికెట్ చేసుకోండి, రాత్రంతా నిద్ర లేకుండా దిగి నేరుగా మెడికల్‌కి వెళ్తే బీపీ ఎక్కువ చూపించి అనవసరంగా తిప్పుతారు. పరుగు కూడా నెల ముందు నుంచీ మొదలెట్టండి, ఆర్కే బీచ్ రోడ్డు పొద్దున్నే ఖాళీగానే ఉంటుంది, నేవీలో చివరి రెండేళ్లు షోర్ ఆఫీసులో కూర్చున్న పొట్ట వారంలో కరగదు. ఒరిజినల్స్ అన్నీ ఒక ఫైలులో, రెండు సెట్ల కాపీలు ఇంకో ఫైలులో పెట్టుకోండి, డిశ్చార్జ్ సర్టిఫికెట్‌ని మాత్రం లామినేషన్ చేయించకండి, దాని మీద కొత్త ఎంట్రీ ఏదైనా వేయాల్సి వస్తే స్టాంపు పడదు.