సైకోపతీ అంచనా: ముందు ఫైలు, తరువాతే మనిషి

జాలి, పశ్చాత్తాపం లేకుండా ఇతరులను వాడుకునే వ్యక్తిత్వ తీరును సైకోపతీ అంటారు. దాని అంచనాను తొలిసారి చేపట్టే మనస్తత్వ నిపుణులకు మనిషిని వెంటనే చూసి మాట్లాడాలన్న ఆత్రం ఉండడం సహజమే గానీ, పని మొదలుపెట్టవలసింది రికార్డులతోనే. అమెరికన్ మనోవైద్యుడు హెర్వీ క్లెక్లీ 1941లోనే వర్ణించినట్టు, ఈ లక్షణాలున్న వ్యక్తి పైకి పూర్తిగా మామూలుగా, చాలాసార్లు ఆకర్షణీయంగా కూడా కనిపిస్తాడు. అలవోకగా అబద్ధమాడడమే అంచనా వేయవలసిన లక్షణాల్లో ఒకటైనప్పుడు, అతని మాటలనే ఆధారం చేసుకుని ఒక నిర్ణయానికి రావడం కుదరదు.

ఈ పనికి ఎక్కువగా వాడే సాధనం కెనడా మనస్తత్వవేత్త రాబర్ట్ హేర్ రూపొందించిన చెక్‌లిస్టు. దాని సవరించిన రూపం 1991లోను, రెండవ కూర్పు 2003లోను వెలువడ్డాయి. ఇందులోని 20 అంశాల్లో ఒక్కొక్కదానికి, ఆ లక్షణం ఎంత మేరకు ఉందో చూసి, 0, 1 లేదా 2 వేస్తారు కనుక మొత్తం 40కి మించదు. సైకోపతీ ఉందనడానికి ఉత్తర అమెరికాలో 30ని గీటుగా తీసుకుంటే, ఐరోపాలో పలువురు పరిశోధకులు 25 దగ్గరే గీత గీశారు. దీన్నిబట్టే ఆ అంకె ప్రకృతి నిర్ణయించిన సరిహద్దు కాదని తెలుస్తుంది.

పోలీసు, కోర్టు, జైలు, పాఠశాల, ఉద్యోగ రికార్డులను తేదీల వారీగా ఒక పట్టికలో రాసుకోండి. ఇటీవలి సంఘటన ఎంత ఘోరమైనదైనా దాని మీదే నిలిచిపోకండి. ఈ చెక్‌లిస్టు కొలిచేది నేటి మానసిక స్థితిని కాదు, జీవితమంతా సాగిన తీరును.

ముఖాముఖికి ముందు, ఈ నివేదిక ఎవరికి చేరుతుందో, ఏ విషయాలు గోప్యంగా ఉండవో స్పష్టంగా చెప్పి సమ్మతి తీసుకోవాలి. తరువాత బాల్యం నుంచి వరుసగా అడుగుతూ రండి. ఉదాహరణకు దాడి కేసులో ఉన్న వ్యక్తి "చాలా బాధపడుతున్నాను" అన్నాడనుకుందాం. అక్కడితో పశ్చాత్తాపం ఉందని రాసుకోకుండా, దెబ్బలు తిన్న మనిషి ఇప్పుడు ఎలా ఉన్నాడని నెమ్మదిగా అడగండి. సమాధానమంతా తాను పోగొట్టుకున్న ఉద్యోగం చుట్టూ, వకీలుకయిన ఖర్చు చుట్టూ తిరిగితే అది గమనించవలసిన విషయమే. అయినా ఆ ఒక్క జవాబుతో 2 వేయకూడదు. గతంలోని ఇతర సంఘటనల్లోనూ అదే ధోరణి ఉందో లేదో ఫైలులో వెతకాలి.

మార్కు వేసేటప్పుడు అంశం పేరు చూసి ఊహించుకోకుండా, మాన్యువల్‌లోని నిర్వచనాన్ని ప్రతిసారీ తెరిచి చదవండి. అనుభవజ్ఞులు కూడా జారేది ఇక్కడే. ఆధారం చాలని అంశాన్ని అంచనాతో నింపడం కన్నా వదిలేయడమే మేలు. అలా 5 అంశాల వరకు వదిలి మొత్తాన్ని దామాషాలో సవరించే వీలుంది. వీలైతే ఇద్దరు విడివిడిగా వేసి సగటు తీయాలి. 2013లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో వందమందికి పైగా నిపుణులకు ఒకే ఫైళ్ళిచ్చి, కొందరిని ప్రాసిక్యూషన్ తరఫున, కొందరిని డిఫెన్స్ తరఫున నియమించినట్టు నమ్మించారు. ప్రాసిక్యూషన్ పక్షమనుకున్నవారు సగటున ఎక్కువ స్కోర్లు వేశారు. నా దృష్టిలో, శిక్షణలో అన్నిటికన్నా ముందు చెప్పవలసిన ఫలితం ఇదే.

నివేదికలో మొత్తం స్కోరు ఒక్కటే ఇస్తే చదివేవారు పొరబడతారు. ఇతరులతో వ్యవహరించే తీరు, భావోద్వేగాలు, జీవనశైలి, సంఘవ్యతిరేక ప్రవర్తన అనే నాలుగు పార్శ్వాల స్కోర్లూ విడిగా చూపండి, ఎందుకంటే ఒకే అంకెకు చేరిన ఇద్దరు వ్యక్తులు ఏమాత్రం పోలిక లేనివారు కావచ్చు. మానసిక రుగ్మతల నిర్ధారణకు అమెరికన్ మనోవైద్యుల సంఘం ప్రచురించే గ్రంథమైన డీఎస్ఎమ్-5లో సైకోపతీ పేరుతో ప్రత్యేక రోగనిర్ధారణ లేదు. అందులో ఉన్నది సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత. ఆ రుగ్మత నిర్ధారణ అయిన ఖైదీల్లో చాలామందికి ఈ చెక్‌లిస్టులో ఎక్కువ స్కోరు రాదు. కౌమారంలో ఉన్నవారికి 12 నుంచి 18 ఏళ్ళ కోసం వేరే రూపం ఉంది గానీ, వారిపై సైకోపతీ ముద్ర వేయడానికి దాన్ని వాడకూడదు.

వ్యక్తి ముఖాముఖికి నిరాకరిస్తే, రికార్డులు విస్తారంగా, నమ్మదగినవిగా ఉన్నప్పుడు మాత్రమే వాటితో మార్కులు వేయవచ్చు. అలా వేసిన సంగతిని నివేదిక మొదటి పేజీలోనే రాయాలి.