వికీపీడియాలో మీ సంస్థ పేజీ తప్పుగా ఉంటే ఎలా సరిచేయించుకోవాలి?

చెన్నైలో మా తెలుగు సంఘానికి వికీపీడియాలో చిన్న పేజీ ఉంది. అందులో స్థాపించిన సంవత్సరం తప్పు పడింది. సరిచేయమని కార్యవర్గంలోని ఒక కుర్రాడికి చెప్పాం. అతను సంవత్సరంతో ఆగకుండా 'ఘన చరిత్ర గల', 'విశేష సేవలందిస్తున్న' అని చేర్చి, పాత ఎన్నికల గొడవ కోర్టుకెక్కిన సంగతి తీసేశాడు. సాయంత్రానికి ఎవరో పాత పేజీని తెచ్చిపెట్టారు. ఇతను మళ్లీ మార్చాడు, వాళ్లు మళ్లీ తిప్పేశారు. పొగడ్తలతో పాటు సరైన సంవత్సరమూ పోయింది. తప్పు మాదే. అప్పుడు నేర్చుకున్న పద్ధతి ఇది.

ముందు పేజీ పైన ఉండే 'చరిత్ర' ట్యాబ్ చూడండి. ప్రతి మార్పూ ఎవరు, ఎప్పుడు చేశారో అక్కడ ఉంటుంది. ఖాతా లేకుండా రాస్తే తెలియదనుకోవద్దు. 2007లో వికీస్కానర్ అనే టూల్, అలాంటి మార్పుల ఐపీ అడ్రసులు (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే నంబర్లు) ఏ కంపెనీల, ఏ ప్రభుత్వ ఆఫీసుల నెట్‌వర్కులవో బయటపెట్టింది.

మీరెవరో చెప్పండి. ఖాతా వ్యక్తిగా తెరవండి. ఆఫీసంతా వాడే ఒకే లాగిన్ వద్దు. వాడుకరి పేజీలో, అంటే మీ ఖాతాకు ఉండే సొంత పేజీలో, 'నేను ఫలానా సంఘం సభ్యుణ్ణి' అని రాయండి. జీతానికో ఫీజుకో రాసేవాళ్లు ఎవరి తరఫున రాస్తున్నారో చెప్పి తీరాలి. 2014 నుంచి ఇది వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ వాడుక నియమాల్లోనే ఉంది.

ఆధారం వెతకండి. అసలు కష్టం ఇక్కడే. మా సావనీర్‌లో సంవత్సరం ఉంది కానీ, అది మేం మా గురించి వేసుకున్నది. ఎగ్మోర్‌లోని కన్నెమరా లైబ్రరీకి వెళ్లాం. 1896లో తెరిచిన ఈ లైబ్రరీకి దేశంలో అచ్చయ్యే పుస్తకాలు, పత్రికలు చట్టప్రకారం చేరాలి. పాత సంపుటాలు రెండు రోజులు తిరగేస్తే మా ప్రారంభోత్సవం వార్త దొరికింది. పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు రాసుకున్నాం.

పేజీని ముట్టుకోకుండా, దాని పక్కనే ఉండే 'చర్చ' పేజీలో అడగండి. ఇప్పుడున్న వాక్యం, దాని బదులు ఉండాల్సిన వాక్యం, ఆధారం, మీ సంబంధం: ఈ నాలుగూ చాలు. మర్యాదగా, క్లుప్తంగా రాయండి. పచ్చి బూతులు, ఆకతాయి రాతలు కనబడితే మాత్రం మీరే తీసేయొచ్చు. మిగతావాటిలో ఒకరి మార్పును ఒకరు తిప్పేసే పోటీకి దిగొద్దు. ఇంగ్లీషు వికీపీడియాలో 24 గంటల్లో మూడుసార్లకు మించి తిప్పితే ఖాతా బ్లాక్ కావచ్చు.

నచ్చని సంగతి ఉంటే? మా పెద్దలకు ఎక్కువ టెన్షన్ దీని గురించే. వికీపీడియా నియమమైన తటస్థ దృక్కోణం అంటే మంచి సగం, చెడు సగం అని కాదు. మనతో సంబంధం లేని ఆధారాలు దేనికి ఎంత చోటిచ్చాయో పేజీలోనూ అంతే ఉండాలి. పది వాక్యాల పేజీలో ఎన్నికల గొడవే ఆరు వాక్యాలుంటే తగ్గించమని అడగడం న్యాయం. కేసు తర్వాత రాజీ అయితే ఆ వార్త చూపించి చేర్చమనండి. మనకు ఇబ్బందిగా ఉందన్న కారణంతో మొత్తం తీసేయమనడం మాత్రం న్యాయం కాదు.

కొన్ని రోజులు ఆగండి. అక్కడ చూసేవాళ్లు జీతం లేని స్వచ్ఛంద సభ్యులు. జవాబు రాకపోతే తెలుగు వికీపీడియాలో అందరూ చర్చించుకునే 'రచ్చబండ' పేజీలో ఒకసారి గుర్తుచేయండి. మాకు తొమ్మిదో రోజున జవాబొచ్చింది. సంవత్సరం మార్చారు. కోర్టు కేసు ఉంచి, దాని పక్కనే రాజీ సంగతి చేర్చారు.