ఇంటి మరమ్మతులు కాంట్రాక్టరుకు అప్పగించే ముందు

కాంట్రాక్టరును పిలవకముందే ఏ గదిలో ఏ పని జరగాలో కాగితం మీద రాసుకుని, అదే వివరాన్ని కనీసం 3 కాంట్రాక్టర్లకు ఇచ్చి అంచనాలు తీసుకోవాలి. ఒక్కొక్కరికి ఒక్కో విధంగా చెబితే ధరలను పోల్చడంలో అర్థం ఉండదు. అందరికంటే బాగా తక్కువ చెప్పినవారి లెక్కలో పాత గచ్చు పగలగొట్టడం, ఆ చెత్తను తరలించడం కలిశాయో లేదో అడగాలి.

కాంట్రాక్టరు ఇంతకుముందు చేసిన ఇళ్లలో పని పూర్తయి ఏడాదైనా గడిచినదాన్ని స్వయంగా వెళ్లి చూడాలి, ఎందుకంటే కొత్త రంగు ఎన్ని లోపాలనైనా కప్పేస్తుంది. స్నానాల గదిలో చెంబెడు నీళ్లు పోస్తే అవి జాలీ వైపు పారుతున్నాయా, మూలన నిలుస్తున్నాయా అన్నది నిమిషంలో తెలిసిపోతుంది. టైల్స్‌ను నాణెంతో తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే వాటి కింద సిమెంటు సరిగా పట్టలేదని అనుమానించాలి. పని ముగిశాక లోపం కనిపించి కబురు చేస్తే కాంట్రాక్టరు వచ్చారా అని ఆ ఇంటివారిని అడగడం మరవకూడదు. నా దృష్టిలో అన్నిటికంటే విలువైన ప్రశ్న ఇదే.

లైసెన్సు, కూలీల బీమా పత్రాలను పరిశీలించాలి. సామగ్రి బ్రాండు, పని పూర్తి చేయాల్సిన గడువు, అదనపు పనికి ముందస్తు రాతపూర్వక అనుమతి తప్పనిసరన్న షరతు ఒప్పందంలో ఉండాలి. డబ్బును పని దశలను బట్టి చెల్లిస్తూ, చివరి వాయిదాను లోపాలన్నీ సరిదిద్దిన తర్వాతే ఇవ్వాలి. రసీదు ఇవ్వడానికి వెనుకాడేవారికి పని అప్పగించకూడదు.